చెరువు పూడిక రాయి కావాలంటే

హైదరాబాదు నుంచి శ్రీశైలం పోయే బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే, కల్వకుర్తి దాటాక చూడాల్సింది గుండ్లు. రోడ్డుకు రెండు వైపులా చల్క నేలల మధ్యలో, ఒకదాని మీద ఒకటి ఎవరో ఎక్కించి పెట్టినట్టు నున్నగా, గుండ్రంగా ఉంటాయి. డిండి దాటినా అవే. మన్ననూరు చెక్‌పోస్టు దాటి ఘాటు ఎక్కడం మొదలయ్యాక మాత్రం రాయి తీరే మారిపోతుంది. రోడ్డు కోసం కొండను చెక్కిన చోట అడ్డంగా గీతలు, అర మీద అర, ఒకటి జానెడు మందం, ఇంకొకటి మూరెడు. దోమలపెంట దాటి కృష్ణ వైపు దిగుతుంటే లోయ గోడంతా అట్లనే, కింది నుంచి పైదాకా అరలే. అప్పటికి బస్సులో సగం మంది నిద్రలో ఉంటారు, మిగతా సగం కోతులను చూస్తుంటారు.

కింద మైదానంలో వదిలేసి వచ్చిన గుండ్లు గ్రానైటు. భూమి లోపల కరిగిన రాయి చల్లారి గడ్డకడితే వచ్చింది, వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పైన అరలుగా ఉన్నది ఇసుక. అవును, ఇసుకే. ఒకప్పుడు నీళ్లలో పేరుకున్న ఇసుక, వంద కోట్ల ఏళ్లకు పైబడి అక్కడే ఉంది, ఇప్పుడు ఇనుప సుత్తితో కొడితే నిప్పురవ్వలు లేచేంత గట్టిగా ఉంది. కాలు పెడితే దిగబడే దుబ్బ అంత గట్టిగా ఎట్లా అయింది?

బడి పుస్తకంలో దీనికి ఒక్క వాక్యంలో జవాబు దొరుకుతుంది: ఇసుక, మట్టి పొరలుగా పేరుకుని, పై పొరల బరువుకు నలిగి, గట్టిపడి అవక్షేప శిలలు అవుతాయి. పరీక్షలో రెండు మార్కులకు అది చాలు. కానీ కాస్త ఆలోచిస్తే ఇందులో బరువుకు రావాల్సిన దానికంటే ఎక్కువ పేరొచ్చింది. ఇసుక రీచుల్లో లారీలు ఏళ్ల తరబడి తిరుగుతాయి, అయినా చక్రాల కింద ఇసుక ఇసుకే. రేణువులు అప్పటికే ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి, నొక్కితే ఇంకాస్త సర్దుకుంటాయి, అంతే. రాయి కావాలంటే వాటిని అతికించేది ఒకటి కావాలి. ఆ అతుకు తెచ్చేది నీళ్లు. గుట్టను విరగ్గొట్టింది, మోసుకుపోయింది, వేరుచేసింది, చివరికి అతికించింది, అన్నీ నీళ్లే. మేస్త్రీ ఒక్కడే, పనులు నాలుగు.

మొదటి పని నల్లగొండ జిల్లాలో ఏ గుట్ట పక్కన నిలబడ్డా కనిపిస్తుంది. గ్రానైటులో ప్రధానంగా మూడు రకాల ఖనిజాలు: గాజులా ఉండే పలుగు, తెల్లగానో గులాబీ రంగులోనో ఉండే ఫెల్‌స్పార్, మిలమిల మెరిసే కాకిబంగారం. వాన నీరు గాలిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని నేల మీదికి వచ్చేసరికే కాస్త ఆమ్లంగా మారుతుంది, మట్టిలోంచి ఇంకేటప్పుడు ఇంకా ఎక్కువవుతుంది. ఆ నీళ్లు పగుళ్లలో దిగి ఫెల్‌స్పార్‌ను మెల్లగా తినేస్తాయి, అది మెత్తబడి బంకమట్టి అవుతుంది. పలుగు మాత్రం చెక్కుచెదరదు. దాని చుట్టూ పట్టుకున్నది పోయాక అది విడిగా రాలిపోతుంది. రోడ్లకు, ఇంటి పునాదుల్లో నింపడానికి ట్రాక్టర్ల మీద తెచ్చే మొరం అంటే సరిగ్గా ఇదే, సగం చచ్చిన గ్రానైటు. పిడికిట్లో నలిపితే పలుగు గింజలు గరగరమంటాయి, మధ్యలో ఎర్రమట్టి అంటుకుంటుంది. ఆ గుండ్లు గుండ్రంగా ఉండడానికి కారణమూ ఇదే: పలకగా విరిగిన రాయికి మూలల దగ్గర నీళ్లు రెండు మూడు వైపుల నుంచి పనిచేస్తాయి కాబట్టి మూలలు ముందు అరుగుతాయి. దొర్లితే వచ్చిన గుండ్రం కాదది, ఉన్నచోటే కుళ్లితే వచ్చింది.

ఈ కుళ్లడంలో ఇసుక, మట్టి కాక మూడోది ఒకటి పుడుతుంది, కంటికి కనిపించదు. కాల్షియం, సోడియం, కొంత సిలికా, ఇవన్నీ నీళ్లలో కరిగి వెళ్లిపోతాయి. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో తరాల నడుములు వంచిన ఫ్లోరైడ్ కూడా ఇట్లా గ్రానైటులోని ఖనిజాల నుంచి భూగర్భ జలంలోకి కరిగి వచ్చిందే. అది వేరే కథ, ఇంకా పెద్ద కథ. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, కరిగిపోయిన సరుకు పోయినట్టు కాదు, తర్వాత ఎక్కడో ఒకచోట తేలుతుంది.

ఇక మోయడం, వేరుచేయడం. చేటలో బియ్యం చెరిగితే నూకలు ఒకవైపు, తౌడు ఒకవైపు, మట్టిబెడ్డలు ఒకవైపు చేరతాయి కదా, పారే నీళ్లు అదే పని చేస్తాయి. ఉధృతంగా పారే చోట గులకరాళ్లు దొర్లుతాయి. కాస్త నెమ్మదించగానే అవి ఆగిపోతాయి, ఇసుక ముందుకు పోతుంది. ఇంకా నెమ్మదిస్తే ఇసుక దిగుతుంది, మట్టి ఒక్కటే నీళ్లను ఎర్రగా చేసుకుంటూ సాగుతుంది. వాగులో శుభ్రమైన ఇసుక, చెరువులో బంకమట్టి ఉండడానికి ఇదే కారణం. నమ్మకపోతే ఒక సీసాలో చెరువు మట్టి, నీళ్లు పోసి బాగా గిలకరించి పెట్టండి. ఇసుక నిమిషాల్లో అడుక్కు చేరుతుంది. అన్నిటికంటే సన్నటి మట్టి రేణువు కదలని నీళ్లలో కూడా మీటరు లోతు దిగడానికి రోజులు తీసుకుంటుంది.

మరి అంత సన్నటి మట్టి సముద్రంలో అలల మధ్య ఎట్లా దిగుతుంది? కుళాయిలు లేని రోజుల్లో చెరువు నీళ్లను తేర్చడానికి కుండలో పటిక తిప్పేవాళ్లు, లేదా ఇండుప గింజ అరగదీసి కలిపేవాళ్లు. మట్టి రేణువులు ఒకదాన్నొకటి తోసుకోవడం మాని గుంపులు కట్టి, బరువెక్కి కిందికి దిగేవి. సముద్రంలో ఆ పటిక పని ఉప్పు చేస్తుంది. నది నీళ్లు ఉప్పు నీళ్లలో కలవగానే మట్టి గుంపులు కట్టి తీరానికి దగ్గర్లోనే చాలావరకు దిగిపోతుంది.

ఇదంతా కోట్ల ఏళ్ల నాటి సంగతి అనుకోనక్కర్లేదు, ఇప్పుడు కూడా పత్రికలో లెక్క పడుతోంది. శ్రీశైలం జలాశయానికి మొదట లెక్కగట్టిన సామర్థ్యం 308 టీఎంసీలు. ఇప్పుడు వానాకాలంలో రోజూ వేసే నీటిమట్టాల పట్టికలో పూర్తి నిల్వ 215.81 టీఎంసీలని ఉంటుంది. సాగర్‌ది 408 నుంచి 312కు వచ్చింది. ఈ తేడాలో పెద్ద వాటా పూడికదే. ఒక్క శ్రీశైలంలోనే 92 టీఎంసీలంటే సుమారు 260 కోట్ల ఘనపు మీటర్ల చోటు. అది కూడా జలాశయం నిండడం మొదలైన 1984 నుంచి లెక్కేస్తే నలభై ఏళ్ల చిల్లరలో! నీటి పంపకాల గొడవల్లో ఈ సంఖ్యలు ఎవరి వాటా ఎంత అనే దగ్గరే ఆగిపోతాయి. భూగర్భ శాస్త్రం వైపు నుంచి చూస్తే, కృష్ణ మీద కట్టిన ప్రతి ఆనకట్ట వెనక ఒక అవక్షేప శిలకు కావాల్సిన సరుకు దిగుమతి అవుతోంది. ఆ సరుకు ఎట్లాపడితే అట్లా దిగదు కూడా, నది జలాశయంలోకి ప్రవేశించే చోటే ముతకది ఆగుతుంది, సన్నటిది ఆనకట్ట గోడ దాకా వస్తుంది.

పొర అంటే ఏమిటో 2009 అక్టోబరులో కర్నూలు, అలంపురం వైపు వాళ్లు కళ్లారా చూశారు. వరద తీశాక ఇళ్లలో మిగిలిన బురదను పారలతో ఎత్తిపోశారు. ఒక వరద, ఒక పొర. ఉధృతి ఉన్నప్పుడు ముతకది, తగ్గాక సన్నటిది దిగుతుంది కాబట్టి వరద పొరలో కింద ఇసుక, పైన మట్టి ఉండడం మామూలే. ఆ తర్వాత మళ్లీ వరద వచ్చేదాకా ఏమీ జరగదు. నల్లమల గోడల్లో అర మీద అరగా కనిపించే గీతల్లో చాలావాటి అర్థం ఇదే, ఏదో వచ్చింది, ఆగింది, మళ్లీ వచ్చింది. ఆ రాళ్ల మీద కొన్నిచోట్ల చిన్న చిన్న అలల గుర్తులు కూడా ఉంటాయి, లోతు తక్కువ నీళ్ల అడుగున ఇసుక మీద పడే గీతల్లాంటివే. ఎండాకాలంలో ఎండిన చెరువులో మట్టి పెంకులుగా పగులుతుంది కదా, అట్లాంటి పగుళ్లూ పాత మట్టిరాళ్లలో అచ్చుపడి ఉండిపోతాయి.

ఇక్కడొక చిక్కు ఉంది. చెరువు పూడిపోతే పూడిపోయినట్టే, తర్వాత వచ్చే మట్టి మత్తడి దూకి పోతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలుకున్నాకే మళ్లీ చోటు దొరికింది. మరి నల్లమలలో, దాని దక్షిణాన కడప దాకా, కిలోమీటర్ల మందాన పొరలున్నాయి. పైగా కింది పొరలోనూ, పై పొరలోనూ లోతు తక్కువ నీళ్ల గుర్తులే. కిలోమీటర్ల లోతు సముద్రం నిండిందనడానికి వీల్లేదు. ఒక్కటే దారి: నిండుతున్న కొద్దీ అడుగు కుంగుతూ ఉండాలి. వడ్లు పోస్తున్న కొద్దీ అడుగు లోతవుతూ పోయే గుమ్మి లాంటిది. భూమి పైపెంకు సాగి పలుచబడిన చోట, కింద వేడెక్కింది చల్లారి కుదించుకుపోయిన చోట ఇట్లా కుంగుతుంది, పేరుకున్న సరుకు బరువు ఇంకాస్త కుంగదీస్తుంది. శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే ఆ నెలవంక ఆకారపు పెద్ద గుంటకు ఉత్తరపు కొసే అమ్రాబాదు, దేవరకొండ, హుజూర్‌నగర్ వైపు మన దగ్గరికి వచ్చింది. ఏడాదికి ఒక్క మిల్లీమీటరు చొప్పున పేరుకున్నా కిలోమీటరు మందం కావడానికి పది లక్షల ఏళ్లు చాలు. కోట్ల ఏళ్ల చరిత్రలో అదేమంత కాలం కాదు. కాలానికి కరువు లేదు, కుంగే గుంటకే కరువు. నల్లగొండ గ్రానైటు మైదానం మీద అరల రాళ్లు లేకపోవడానికి పెద్ద కారణం అది కుంగలేదనో, కుంగినా పైన పేరుకున్నది తర్వాత కొట్టుకుపోయిందనో అనుకోవాలి.

ఇప్పుడు అతుకు సంగతి. బరువుకు బొత్తిగా పని లేదని కాదు, మట్టి విషయంలో అది బాగానే పనిచేస్తుంది. కొత్తగా దిగిన బురదలో సగానికి పైగా నీళ్లే. మట్టి రేణువులు పేకముక్కల్లా చదునుగా ఉంటాయి, పై నుంచి బరువు పడితే నీళ్లు బయటికి పోయి ముక్కలన్నీ ఒకే వైపు పడుకుంటాయి. అందుకే షేల్ అనే మట్టిరాయి పలుచటి పొరలుగా విడిపోతుంది, మందం కూడా మొదటి దానిలో చిన్న భాగమే మిగులుతుంది. ఇసుక అట్లా కాదు. నిండా ఇసుక ఉన్న బకెట్‌లో నీళ్లు పోస్తూ పోతే మూడో వంతుకు పైగా పడతాయి, అంటే అంత ఖాళీ ఉంది. ఎంత లోతున పూడ్చినా ఆ ఖాళీ మొత్తం నొక్కుడుతో మూసుకుపోదు.

ఆ ఖాళీలోంచే భూగర్భ జలం మెల్లగా పారుతుంది, లీటరుకు కొన్ని మిల్లీగ్రాములో, పదుల మిల్లీగ్రాములో కరిగిన సరుకు మోసుకుంటూ. ఒక్కో రేణువు చుట్టూ ఆ సరుకు కొద్దికొద్దిగా పేరుకుంటుంది. సున్నం పేరుకుంటే సున్నపు అతుకు, ఇనుము తుప్పు పేరుకుంటే ఎర్రటి అతుకు, సిలికా పేరుకుంటే అన్నిటికంటే గట్టిది. బరువు ఇక్కడ వేరే రకంగా సాయం చేస్తుంది. రెండు పలుగు గింజలు ఆనుకున్న చోట ఒత్తిడికి కొంచెం కరుగుతాయి, ఆ కరిగింది పక్కనున్న ఖాళీలో తిరిగి గడ్డకడుతుంది. భూమి లోపలికి పోయే కొద్దీ సాధారణంగా కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల వేడి పెరుగుతుంది, రెండు మూడు కిలోమీటర్ల లోతున ఈ పని జోరందుకుంటుంది. అంత పలుచటి ద్రావణంతో ఖాళీలన్నీ నిండాలంటే ఎన్ని నీళ్లు అటు నుంచి ఇటు పారి ఉండాలో లెక్కపెట్టుకుంటే తల తిరుగుతుంది.

శ్రీశైలం వైపు కొండల రాయిని క్వార్ట్‌జైట్ అంటారు. పేరు చూసి అదేదో వేడికి రూపం మారిన రూపాంతర శిల అనుకునే వీలుంది, కానీ అక్కడ చాలావరకు అది సిలికా అతుకు వేసుకున్న పలుగు ఇసుకరాయే. అతుకూ పలుగే, గింజా పలుగే కావడంతో విరిచినప్పుడు పగులు గింజల చుట్టూ తిరగకుండా గింజలను కోసుకుంటూ పోతుంది. నాసి ఇసుకరాయిని గోటితో గీకితే గింజలు రాలతాయి. రెండూ ఇసుకే, తేడా అంతా అతుకులో ఉంది.

కరిగి పోయిన కాల్షియం ఎటు పోయిందన్న ప్రశ్న మిగిలే ఉంది. బోరు నీళ్లు రోజూ కాచే గిన్నె అడుగున, గీజరు కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది కదా. నీళ్లు వేడెక్కి కార్బన్ డయాక్సైడు బయటికి పోగానే, అప్పటిదాకా కరిగి ఉన్న సున్నం ఇక కరిగి ఉండలేక గిన్నెకు పడుతుంది. వెచ్చటి, లోతు తక్కువ సముద్రం అట్లాంటి పెద్ద గిన్నె. అందులో సూక్ష్మజీవులు కిరణజన్య సంయోగక్రియ కోసం కార్బన్ డయాక్సైడు లాగేసుకుంటే పని ఇంకా తొందరగా అవుతుంది. మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు అంత గుంపుగా లేవడానికి కారణం అక్కడ ఇట్లా పేరుకున్న సున్నపురాయి. పాలమూరు పొరుగున తాండూరులో ఇళ్లకు పరిచే బండలు వేరే గుంటలో పేరుకున్నవి, దాన్ని భీమా బేసిన్ అంటారు, సరుకు మాత్రం అదే. పొరల మధ్య సన్నటి మట్టి గీతలు ఉండడంతో ఉలి పెడితే పలకలుగా లేస్తాయి. నీలం బండకూ, పసుపు బండకూ తేడా చాలావరకు ఇనుము తుప్పుపట్టిందా లేదా అన్నదే.

సున్నపురాయి అనగానే గవ్వలు, నత్తగుల్లలు పేరుకుని అయిందని చెప్పేస్తుంటారు. చాలా దేశాల్లో నిజమే. మన దగ్గర కుదరదు. గట్టి గుల్ల ఉన్న జంతువులు భూమి మీద విరివిగా కనిపించింది సుమారు 54 కోట్ల ఏళ్ల కిందట, ఈ రాళ్లు అంతకు ముందరివి. తాండూరు బండలో గవ్వ కోసం వెతికితే దొరకదు. కొన్ని నాపరాళ్ల మీద నల్లగా ఫెర్న్ ఆకుల్లా అందంగా కొమ్మలు పరుచుకుని ఉంటాయి, వాటిని చూసి శిలాజాలని వాట్సాప్‌లో ఫోటోలు తిరుగుతాయి. అవి మాంగనీసు మరకలు, పగులులో దిగిన నీళ్లు గీసిన బొమ్మ.

ఈ రాయి మెతక. నిమ్మరసం పడితే తాండూరు బండ మెరుగు పోయి మరక మిగులుతుంది, పక్కనే వంటగట్టు మీది గ్రానైటుకు ఏమీ కాదు. ఆ మెతకతనమే శిల్పికి కావాల్సింది. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో గుట్టేమో గ్రానైటు, దాని మీద దొరికిన బౌద్ధ శిల్పాలేమో సున్నపురాయి. కాళ్ల కింద ఉన్న రాయిని కాదని బయటి నుంచి మోయించుకున్నారంటే, వేలెడు బొమ్మలో ముఖకవళికలు చెక్కడానికి ఏ రాయి పనికొస్తుందో వాళ్లకు బాగా తెలుసన్నమాట. ఇప్పుడు అదే సున్నపురాయిని బట్టీలో 1,450 డిగ్రీల దాకా కాల్చి, గుట్టలు పగలగొట్టిన కంకర, నది ఇసుక కలిపి స్లాబు పోస్తున్నాం. గులకరాళ్లు, ఇసుక, అతుకు. గడ్డకట్టే రసాయనం వేరు కానీ వరస మాత్రం ప్రకృతి చేసినదే, కాకపోతే మనకు 28 రోజుల క్యూరింగ్ చాలు.

గ్రానైటు మీద ఈ అరలు కూర్చున్న చోట ఒక గీత ఉంటుంది. పెద్దఅడిశర్లపల్లి, పెద్దవూర, చందంపేట మండలాల వైపు తలలు చదునుగా కోసినట్టుండే గుట్టలు కనిపిస్తాయి, వాలంతా గ్రానైటు, నెత్తిన క్వార్ట్‌జైట్ టోపీ. టోపీ అడుగున గులకరాళ్ల ముతక పొర, పాత గ్రానైటు నేల మీద మొదట పారిన నీళ్లు వదిలింది. ఆ గీతకు కింద ఉన్న రాయికీ, పైన ఉన్న రాయికీ మధ్య కోట్ల కోట్ల ఏళ్లు ఖాళీ, ఆ కాలమంతా గుట్టలు అరుగుతూనే ఉన్నాయి తప్ప ఏమీ పేరుకోలేదు.

లంబాపూర్, పెద్దగట్టు, చిత్రియాల పేర్లు యురేనియం గొడవలో వినని వాళ్లుండరు. అక్కడి యురేనియం ఉన్నది ఈ గీత దగ్గరే. గ్రానైటులో అది అంతటా పలుచగా ఉంటుంది, ఆక్సిజన్ ఉన్న నీళ్లలో కరుగుతుంది, అట్లా పగుళ్ల వెంట పారి పారి గీత దగ్గర ఆక్సిజన్ లేని చోటు తగలగానే ఇక కరిగి ఉండలేక గడ్డకడుతుంది. గిన్నె అడుగున సున్నం పెచ్చులా, ఇసుకలో సిలికా అతుకులా, ఇదీ నీళ్లు మోసుకొచ్చి వదిలినదే. తవ్వాలన్న ప్రతిపాదనలకు ఊళ్లు ఎదురుతిరిగాయి, నల్లమలలో తవ్వకాలు వద్దని తెలంగాణ శాసనసభ 2019 సెప్టెంబరులో తీర్మానం చేసింది. జనం భయానికి ఒక మూలం రాయిలోనే ఉంది. నీళ్లు తెచ్చి పెట్టిన ఖనిజం నీళ్ల దారిలోనే ఉంటుంది, కదిపితే మళ్లీ నీళ్లలోకే వస్తుంది. ఆ గుట్టల కింద సాగర్ జలాశయం ఉంది, దాని నీళ్లు హైదరాబాదు కూడా తాగుతోంది.

ఆ టోపీ గుట్టల అంచులు ఇప్పుడూ విరుగుతున్నాయి. ప్రతి వానకు కొంచెం, పగుళ్ల వెంట అర విడిపోయి బండలు వాలు మీద పడతాయి, అవి చితికి మళ్లీ పలుగు ఇసుక అవుతుంది, వాగులు దాన్ని డిండి నదిలోకి, అక్కడి నుంచి కృష్ణలోకి దించుతాయి. గ్రానైటు నుంచి ఒకసారి, ఇసుకరాయి నుంచి రెండోసారి బయటపడ్డ ఆ గింజలు సాగర్ అడుగున పూడికలో దిగుతున్నాయి. వాటి మధ్య ఖాళీల్లో ఇంకా వట్టి నీళ్లే ఉన్నాయి.